కౌంటర్ వెనక మన రోజంతా ఎటు పోతోంది?

అనంత_డీఫార్మ్ (అనంతపురం):
మాది సాయినగర్‌లో చిన్న మెడికల్ షాపు. లైసెన్సుకు ఉండాల్సిన పది చదరపు మీటర్ల కంటే జానెడు ఎక్కువ, అంతే. పోయిన వారం మూడు రోజులు క్యాలెండర్ కాగితం వెనక గీతలు పెట్టుకున్నా: మందు వెతకడానికి ఎంతసేపు, బిల్లుకి ఎంతసేపు, స్టాకిస్టుల (మాకు సరుకిచ్చే హోల్‌సేల్ వాళ్ల) ఫోన్లకు ఎంతసేపు, వచ్చిన మనిషితో మాట్లాడటానికి ఎంతసేపు అని. గిరాకీ ఎక్కువున్నప్పుడు గీత పెట్టడమే మరిచిపోయినా, కాబట్టి లెక్క కచ్చితమని చెప్పను. అయినా చూసుకుంటే సిగ్గేసింది. "తిన్నాక పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న మాట తప్ప రోగితో నేను మాట్లాడిందేమీ లేదు. ఎక్కువసేపు వెతుకులాటకే పోయింది. మీరు ర్యాకులు ఎట్లా సర్దుకున్నారు?

బురుజుపక్క (కర్నూలు):
నేను పెద్దాసుపత్రి దగ్గర ఒక షాపులో చేస్తా. ఓపీ వదిలే టైముకు కౌంటర్ మీద చీటీలు పట్టుకున్న చేతులే కనపడతాయి, మొహాలు కనపడవు. మొదట్లో కంపెనీల ప్రకారం సర్దేవాళ్లం. ఓనరుకి ఆర్డర్ పెట్టుకోవడానికి సులువే, వెతికేవాడి పనే అయిపోయేది. ఇప్పుడు మాత్రలన్నీ బ్రాండు పేరు అక్షరక్రమంలో, సిరప్పులు కింద అరల్లో, చుక్కల మందులు, ఆయింట్‌మెంట్లు విడిగా. బీపీ, షుగరు, గ్యాస్ మాత్రల్లో రోజూ పోయేవి మాత్రం చెయ్యి చాపితే అందేచోట. కాళ్లకు చాలా సుఖం.

కడప_కౌంటర్:
అక్షరక్రమం మంచిదే గానీ జాగ్రత్త అన్నా. ఒకే బ్రాండు పేరుకి 1 ఎంజీ, 2 ఎంజీ, ఆ పక్కనే ఇంకో మందు కలిసిందని చెప్పే ఎం, ఎంవీ అని తోకలు. మా దగ్గర ఒకసారి షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ 1 ఎంజీ బదులు 2 ఎంజీ చేతికొచ్చింది. బిల్లులో బ్యాచ్ నంబరు కొట్టేటప్పుడు తేడా కనపడింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి రెండు డోసుల మధ్య వేరే మందు డబ్బా అడ్డం పెడుతున్నాం.

ఇంకోటి, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే గట్టి నిఘా ఉన్న మందుల అమ్మకం రాసే పుస్తకం. సెఫిక్సిమ్, ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో రాయాలి, ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. 2014 నుంచి ఉన్న రూలే. షట్టర్ వేసేముందు అన్నీ కలిపి రాస్తే ఏం గుర్తుంటుంది? మేం పుస్తకం బిల్లు మిషన్ పక్కనే పెట్టి, పెన్నును తాడుతో కట్టేసినాం.

బురుజుపక్క:
మా దగ్గర తాడుతో సహా పోతుంది.

పాతషాపు (కడప):
ఇదంతా వినడానికి బాగుంది అబ్బాయిలూ. మాట్లాడినందుకు ఎవరిస్తారు డబ్బులు? అద్దె, కరెంటు కట్టాలి, పక్క షాపులో డిస్కౌంట్ బోర్డు. ఎక్స్‌పైరీ సరుకు స్టాకిస్టు వెనక్కి తీసుకునేదాకా అట్టపెట్టె నా కాళ్ల కిందే ఉంటుంది. ముందు దానికి చోటు చూపించండి.

మందులచీటీ (అనంతపురం):
నేను షాపు మనిషిని కాదు, ఇంట్లో అందరికీ మందులు తెచ్చేదాన్ని. రెండు మాటలు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క మీరే ఉంచుకుని మిగతాది మాకిస్తారు, ఇంటికి పోయాక ఏం చూసుకోవాలి? ఇంకోటి, గర్భం పరీక్ష కిట్టు అడగాలంటే నా వెనక ఐదుగురు మగవాళ్లు. మీరేమో "ఏం కావాలమ్మా" అని గట్టిగా అడుగుతారు. ఎన్నిసార్లో జ్వరం మాత్రలు కొనుక్కుని వచ్చేసినా.

అనంత_డీఫార్మ్:
అక్కా, ఆ రెండోది నాకు తట్టనే లేదు. స్ట్రిప్పు విషయం కూడా నిజమే, తేదీ ఉన్న చివరి ముక్క మాకే మిగలాలని తేదీ లేని వైపు నుంచే కత్తిరిస్తాం. ఇకనుంచి కవరు మీద తేదీ రాసిస్తా.

అనంత_డీఫార్మ్ (పది రోజుల తర్వాత):
ఫ్రిజ్ జరిపినా. పడమటి గోడకు ఆనుకుని ఎండకు ఉడికిపోయేది, ఇన్సులిన్‌కేమో 2 నుంచి 8 డిగ్రీలు ఉండాల. ఇప్పుడు కౌంటర్ చివర నిలబెట్టినా, దాని పక్కన ఒక మనిషి నిలబడేంత మూల వచ్చింది. అక్కడ మొదట నిలబడింది ఒక పెద్దమ్మ. "సామీ, సూది మందు ఐసు గడ్డలు పెట్టే అరలోనే పెడుతున్నా, చల్లగుండాలని చెప్పినారు కదా" అంది. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, పారేయాల్సిందే. ఏడాదిగా మా దగ్గరే కొంటోంది, ఒక్కసారి కూడా ఎక్కడ పెడుతున్నావని నేను అడగలేదు. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పేలోపు ఇద్దరు విసుక్కుని పక్క షాపుకు పోయినారు. పాతషాపు అన్న చెప్పింది ఆ మేరకు నిజమే.