అనంతపురం చెరువు, హండే పాలెగాళ్లు

ప్రశ్న:
బుక్కరాయసముద్రం చెరువునూ, దాని చుట్టుపక్కల ఊళ్లనూ హండే వంశంవారు తరతరాలుగా ఏలారని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. చెరువును కట్టించింది కూడా వారేనా? అంతటి సీమ వారి చేతుల్లోంచి ఎలా పోయిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
చెరువు హండేవారి కంటే చాలా పాతదండీ. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొలువులోని చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరు ఏటికి అడ్డంగా కట్ట వేయించి దీన్ని నిర్మించాడు. కట్ట రెండు కొసల్లో తూముల దగ్గర వెలసిన ఊళ్లలో ఒకటి బుక్కరాయసముద్రం కాగా, రెండోదైన అనంతసాగరమే నేటి అనంతపురం. హండే హనుమప్ప నాయుడు విజయనగర ప్రభువులకు యుద్ధాల్లో తోడ్పడి ఈ సీమను పొందింది 16వ శతాబ్దంలో. అప్పటికే దాదాపు రెండు వందల ఏళ్లుగా ఈ నీటితో మళ్లు పండుతున్నాయి.

సమాధానం 2:
వారి పతనం గురించి నేను రాస్తాను. 1757లో గుత్తిని ఏలుతున్న మరాఠా సర్దారు మురారిరావు అనంతపురాన్ని ముట్టడించినప్పుడు హండేవారు కొంతకాలం ఎదిరించి, చివరకు 50,000 రూపాయలు ఇచ్చి ఊరిని దక్కించుకున్నారు. ఆ తరువాత సీమ హైదరలీ, టిప్పుల వశమైంది. టిప్పు ఆ ఇంటి మగవారిని ఉరితీయించగా, శ్రీరంగపట్నం చెర నుంచి తప్పించుకున్న సిద్దప్ప నాయుడు ఒక్కడే మిగిలాడు. ఈ వంశచరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసే ఘట్టం ఇదే. 1799లో టిప్పు మరణించాక సిద్దప్ప తిరిగివచ్చాడు గానీ, ఒప్పందాల ప్రకారం సీమ ముందు నిజాముకూ, 1800లో ఈస్టిండియా కుంపిణీకీ దక్కింది. నిజాము ఇలా కుంపిణీకి ఇచ్చేసిన దత్తమండలాలకు మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను తీసివేయించాడు. సిద్దప్పకు పింఛను మాత్రమే మిగిలింది.

సమాధానం 3:
పై ఇద్దరూ రాసినదానికి ఒక విషయం చేర్చాలి. పాలెగాడు పైప్రభువుకు కప్పం కట్టి, పిలిచినప్పుడు సైన్యంతో వెళ్లాలి. ఆ షరతు మీదే సీమ అతని చేతిలో ఉండేది. అందువల్ల దీన్ని నేటి అర్థంలో సొంత ఆస్తిగా భావించడం సరికాదని నా అభిప్రాయం. పైనున్న ప్రభువు మారిన ప్రతిసారీ హండేవారి హక్కు ప్రశ్నార్థకం కావడానికి కారణం కూడా అదే. ఇక చెరువు విషయానికొస్తే, ఊరివారి నోట నిలిచిన పేరు పాలెగాళ్లది కాదు, ముసలమ్మది. భారీ వానలకు కట్ట తెగినప్పుడు బుక్కరాయసముద్రం బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలో నిలబడి ప్రాణాలర్పించిందని కథ. ఆ చోటును ముసలమ్మ కట్ట అంటారు. మీ పెద్దలను ఈ కథ కూడా అడిగి చూడండి. పాలెగాళ్ల సంగతుల కంటే ఇదే వారికి ఎక్కువ వివరంగా తెలిసి ఉండవచ్చు.