‘ఒక్కడికే’నా, ‘ఒక్కరికే’నా? ఒక సమాధి రాతతో తంటా

ఇంగ్లిష్ నుంచి తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయానండీ. ఇంగ్లండ్‌లో స్టోక్ పోజెస్ అనే పల్లె చర్చి ఆవరణలో, ఇటుక కట్టడం మీద రాతి పలక పరిచిన సమాధి ఉంది. కవి థామస్ గ్రే పెద్దమ్మ మేరీ (మరణం 1749), అమ్మ డొరతీ (మరణం 1753) అందులో ఉన్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ లండన్‌లో దుకాణం నడిపినవాళ్లు. డొరతీకి పన్నెండు మంది పుడితే గ్రే ఒక్కడే దక్కాడు. అమ్మ గురించి ఆయన రాయించిన మాటలు దాదాపు ఇవి: ‘కేర్‌ఫుల్, టెండర్’ తల్లి, చాలామంది పిల్లలు, వాళ్లలో ఒక్కరికే ఆమెను ‘సర్వైవ్’ అయ్యే దురదృష్టం. ‘బతికి బయటపడే దురదృష్టం’ అని రాసి నేనే నవ్వుకున్నాను. పడవ మునిగినట్టుంది!

— ‘వెనక మిగలడం’ ఉంది కదండీ. పేపర్లో ‘ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అని తేల్చేస్తారు గానీ, ఊళ్లో ‘ఆయన వెనక మిగిలింది ముసలామె ఒక్కతే’ అనే అంటాం. ‘కేర్‌ఫుల్’ని మాత్రం ‘జాగ్రత్త’ అని రాయకండి, పొదుపు గుర్తొస్తుంది. ఆ కాలంలో ఆ మాటలో బెంగ కూడా ఉండేది. ‘కనిపెట్టుకుని ఉన్న తల్లి’ అంటే నాకు సరిపోతుంది.

— బాగుంది! అయితే ‘ఆమె వెనక మిగిలిపోయే దురదృష్టం ఒక్కడికే పట్టింది’ అనేస్తాను.

— ‘ఒక్కడికే’ వద్దు మాస్టారూ. ఇంగ్లిష్‌లో ఆడో మగో తెలియదు. ఆయన కావాలనే పేరు దాచుకుంటే మనం ‘డు’ తగిలించి పట్టిస్తున్నాం. ‘ఒక్క బిడ్డకే’ అనండి.

— మాది కరీంనగర్ అన్నా. మా దిక్కు బిడ్డ అంటే కూతురే. ‘ఒక్క బిడ్డకే’ అని చదివితే ఆ తల్లికి ఒక ఆడపిల్ల మిగిలిందనుకుంటా.

— అయితే ‘ఒక్కరికే’. గౌరవం కోసం కాదు, ముసుగు కోసం. 1771లో గ్రేను కూడా ఆ సమాధిలోనే పెట్టారు, పలక మీద మాత్రం ఆయన పేరు లేదు. ఎదురుగా చర్చి గోడకు వేరే రాయి బిగించి, ఆయన ఇక్కడే ఉన్నాడని చెప్పాల్సి వచ్చింది.

— సరే, ఇలా ఉంచుతున్నాను: ‘చాలామంది పిల్లల్ని కనిపెట్టుకుని, ప్రేమగా చూసుకున్న తల్లి. ఆమె వెనక మిగిలిపోయే దురదృష్టం వాళ్లలో ఒక్కరికే పట్టింది.’ ‘పట్టింది’ మోటుగా ఉందంటే ఇప్పుడే చెప్పండి, రేపు పంపించేయాలి.