బోధన గురించి మొదలుపెట్టిన బృందం మూడో సమావేశానికే చల్లబడింది, ఏం చేయాలి?

ప్రశ్న (భౌతికశాస్త్రం అధ్యాపకురాలు):
అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో వేర్వేరు శాఖల నుంచి 14 మందిమి కలిసి 'కమ్యూనిటీ ఆఫ్ ప్రాక్టీస్' (ఒకే పని చేసేవాళ్లు కలిసి ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే బృందం) అని ఒకటి మొదలుపెట్టాం. మొదటి రోజు గది నిండింది. రెండోసారి ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు గంటసేపు స్లయిడ్లు చూపించారు. మూడోసారి వచ్చింది నలుగురమే. విద్యార్థులు చదవడం లేదని, క్లాసులో నోరు విప్పడం లేదని చెప్పుకుని లేచిపోయాం. నాకు దీన్ని వదిలేయాలని లేదు. మళ్లీ నిలబెట్టడం ఎలా?

జవాబు (గణితం, ఇలాంటి బృందంలో ఆరేళ్లుగా ఉన్నాను):
మేడమ్, నలుగురు మిగిలారంటే నిలబెట్టొచ్చు. 1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు ఈ ఆలోచనకు రూపమిచ్చినప్పుడు చూపిన ఉదాహరణల్లో లైబీరియా దర్జీలు ఉన్నారు. అక్కడ పని నేర్చుకునే కుర్రాళ్లు ముందు గుండీలు కుట్టి, అంచులు మడుస్తారు. గుడ్డ కత్తిరించడం చాలా తర్వాత. పక్కనే ఉండి చూస్తూ, చేస్తూ నేర్చుకుంటారు. ఆ దర్జీల మధ్య గుడ్డ ఉంది. మీ నలుగురి మధ్య ఏముంది? ఫిర్యాదులే ఉంటే ఎవరూ మళ్లీ రారు.

మేం జవాబు పత్రాలు పెట్టుకున్నాం. ఒక్కొక్కరం ఒకే ప్రశ్నకు మూడు జవాబులు తెస్తాం, పేర్లు, రోల్ నంబర్లు కనబడకుండా. ఒకసారి నేను అవకలనం (డిఫరెన్షియేషన్) లెక్కలు తెచ్చాను, అన్నీ సరైనవే. రసాయనశాస్త్రం సార్ అదే బ్యాచ్ రాసిన చర్యావేగం (రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందన్నది) జవాబులు తెచ్చారు. గాఢత, కాలం గ్రాఫు ఇచ్చి ఫలానా క్షణంలో వేగమెంత అంటే విద్యార్థులు సగంలో ఆగిపోయారు. ఆ వేగం నేను చెప్పిన అవకలజమేనని (డెరివేటివ్, అంటే ఆ క్షణంలో మార్పు రేటు) వాళ్లకు తట్టలేదు! అంతకుముందు ఏళ్ల తరబడి ఆ సార్ నన్ను, నేను ఆయన్ను తప్పుపట్టుకుంటూ ఉన్నాం. మరుసటి సెమిస్టరులో ఆ పాఠం ఆయన గ్రాఫుతోనే మొదలుపెట్టాను. కొత్త జవాబులు మళ్లీ బల్ల మీదికి తెచ్చాను. మా సమావేశమంటే ఇంతే, స్లయిడ్లు ఉండవు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్. ఇంకొక చిక్కుంది. ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు అని మా శాఖాధిపతి రిపోర్టు అడుగుతున్నారు. దాన్ని వార్షిక మదింపులో చూస్తామంటున్నారు.

జవాబు (అధ్యాపకుల శిక్షణ విభాగంలో పనిచేస్తాను):
మేడమ్, దీనికి మాత్రం గట్టిగా నిలబడండి. తన క్లాసు ఎక్కడ దెబ్బతిందో చెబితే మార్కులు తగ్గుతాయంటే ఎవరైనా బాగా జరిగిన క్లాసు గురించే చెబుతారు. మీ వాళ్లు రాకపోవడానికి ఇదే అసలు కారణమేమో కూడా. సెమిస్టరు చివర ఒక పేజీ ఇస్తామనండి: ఏ పాఠంలో ఏం మార్చాం, జవాబుల్లో ఏం తేడా కనబడింది. ఎవరేమన్నారో అందులో ఉండకూడదు. ఒకరి క్లాసు ఒకరు చూసినా అంతే. ఏం గమనించాలో క్లాసు చెప్పేవారే నిర్ణయించాలి, రాసుకున్న కాగితం వారికే ఇచ్చేయాలి.

సంఖ్య తగ్గిందని బెంగపడకండి. అమెరికాలోని ఒహాయోలో, మయామీ యూనివర్సిటీలో 1979 నుంచి ఇలాంటి బృందాలు నడుస్తున్నాయి. అక్కడి అనుభవంతో సూచించేది 8 నుంచి 12 మందిని, ఏడాదిపాటు. అయితే టైమ్‌టేబుల్లో ఒక గంట ఖాయం చేయించుకోండి. ఖాళీ దొరికినప్పుడు కలుద్దామంటే కలవరు.

ప్రశ్న అడిగినవారు:
శాఖాధిపతి గారితో రేపే మాట్లాడతాను. గురువారం నా వంతుగా మెకానిక్స్ జవాబులు తెస్తున్నాను. న్యూటన్ మూడో నియమం (రెండు వస్తువులు ఒకదాని మీద ఒకటి చూపే బలాలు సమానం) తప్పు లేకుండా రాసి, లారీ, కారు ఢీకొంటే లారీదే ఎక్కువ బలమని కింది లైన్లోనే రాసినవి మూడు దొరికాయి.