చీర అంచు చుట్టూ తెల్లగా వస్తోంది, ఆరుసార్లు చేశా.. ఎవరైనా చెప్పండి

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
పొద్దున పదకొండింటికి కూర్చున్నా, ఇప్పుడు నాలుగున్నర. ఇంకా అన్నం కూడా తినలేదు. నాన్న షష్టిపూర్తికి డిజిటల్ స్క్రాప్‌బుక్, అంటే కంప్యూటర్లో అలంకరించే ఫొటో ఆల్బమ్ చేస్తున్నా. 12 అంగుళాల చదరం పేజీలు, మొత్తం ఇరవై. రెడీమేడ్ కిట్లలో ఉండే గులాబీలు, రిబ్బన్లు మా ఇంటి ఫొటోల పక్కన అతకట్లేదు. అందుకని అలంకారాలన్నీ మా ఇంట్లోవే చేద్దామనుకున్నా: అమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీర అంచు, అమ్మ వేసే కోలం, నాన్న అమ్మకి రాసిన ఇన్లాండ్ లెటర్ మీది పోస్టు ముద్ర. చీర అంచు ఫొటో తీసి బ్యాక్‌గ్రౌండ్ తీసేశా. ఫోన్లో చక్కగా ఉంది. మెరూన్ పేజీ మీద పెట్టగానే చుట్టూ తెల్లగా వస్తోంది. ఆరుసార్లు చేసినా అంతే. శుక్రవారం ఇక్కడ చెన్నైలో పారిస్ కార్నర్‌లో ప్రింటుకివ్వాలి. ప్లీజ్.

పిక్సెల్ బాబాయ్:
ఫైలు జేపీజీయా, పీఎన్‌జీయా? పీఎన్‌జీ అయితేనే తీసేసిన చోటు ఖాళీగా ఉంటుంది.

నూలుపోగు:
అమ్మా, ముందు చీర సంగతి చూసుకో. పెళ్లినాటి జరీ అంటున్నావు. ఎండలో ఆరేసి ఫొటో తీయలేదు కదా? ఫ్లాష్ కూడా వద్దు, జరీ అంతా ఒకటే తెల్లటి మెరుపు కొట్టి అంచులో ఉన్న పని కనిపించదు. కిటికీ పక్కన నీడపట్టున పరిచి తీయాలి. ఇంకో మాట. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే జరీ సరిగ్గా ఆ మడత దగ్గరే విరుగుతుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చి, పాత నూలు పంచెలో చుట్టి పెట్టు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. మీరేమో సముద్రం పక్కనే ఉంటారు కూడా.

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
పీఎన్‌జీనేనండీ, చూసే సేవ్ చేశా. చీర జాగ్రత్తగానే ఉంది పెద్దమ్మా, నీడలోనే తీశా.

చుక్కలు గీతలు:
కోలం ఏమిటండీ, ముగ్గు అనండి. తెలుగు గ్రూపులో కూడా కోలమేనా?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
నేను పుట్టి పెరిగింది ఇక్కడే. మా వీధి మొత్తం కోలమే అంటుంది, అమ్మ కూడా అలాగే అంటుంది. ఇప్పుడు నా సమస్య అది కాదండీ.

చుక్కలు గీతలు:
సమస్య కాదు కానీ మాట పోతే వస్తువు కూడా పోతుంది. చుక్కల చుట్టూ గీత తెగకుండా తిప్పేదాన్ని తమిళులు సిక్కు కోలం అంటారు, మనకు మెలికల ముగ్గు అని చక్కటి మాట ఉంది. ఆల్బమ్‌లో కింద పేరు రాసేటప్పుడైనా ముగ్గు అని రాయండి.

మైలాపూర్ కోడలు:
ధనుర్మాసంలో మాడవీధుల్లో ఆ ముగ్గులు చూస్తే ఏ పేరైనా పెట్టుకోవచ్చు అనిపిస్తుంది అక్కా. ఆ అమ్మాయికి ముందు దారి చెప్పండి.

పిక్సెల్ బాబాయ్:
ఫోన్నుంచి ల్యాప్‌టాప్‌కి ఎలా పంపావు?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
చాట్‌లో నాకు నేనే పంపుకున్నా. అది చెప్పాలా? ల్యాప్‌టాప్‌లో ఫొటోలు దిద్దడానికి గింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా.

పిక్సెల్ బాబాయ్:
అదే కారణం. ఫొటోగా పంపితే చాట్ దాన్ని జేపీజీ చేసేస్తుంది. జేపీజీలో పారదర్శకత ఉండదు. ఖాళీ ఉన్నచోట తెలుపు నింపుతుంది. డాక్యుమెంట్‌గా పంపు, లేదా కేబుల్ పెట్టు. వచ్చిన ఫైలు సైజెంత?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
1600 బై 720 చూపిస్తోంది.

ఆల్బమ్ పిచ్చి:
అది చాలదు. అంచు పేజీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా రావాలంటే 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో ఉండాలి.

పిక్సెల్ బాబాయ్:
డీపీఐ ప్రింటరు వేసే సిరా చుక్కలకు. ఫైలుకు పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లని.

ఆల్బమ్ పిచ్చి:
ల్యాబ్‌లో అందరూ డీపీఐ అనే అంటారు. అక్కడ పీపీఐ అంటే మన మొహం చూస్తారు.

పిక్సెల్ బాబాయ్:
అనుకోనీ. అడ్డంగా 3600 పిక్సెళ్లు అని చెప్తే ఇద్దరికీ అర్థమవుతుంది. 1600 పిక్సెళ్లను 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 133 వస్తాయి, జరీ మసకబారిపోతుంది. రిజల్యూషన్ గడిలో 72 తీసేసి 300 అని కొట్టినంత మాత్రాన కొత్త పిక్సెళ్లు పుట్టుకురావు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో.

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
డాక్యుమెంట్‌గా పంపా. 4000 పిక్సెళ్లతో వచ్చింది, తెల్ల డబ్బా పోయింది!! కానీ అంచు పొడుగునా సన్నగా తెల్లగీత ఇంకా ఉంది. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఈ గీత గురించి కూడా.

పిక్సెల్ బాబాయ్:
డబ్బా వేరు, గీత వేరు. మొదట ‘చుట్టూ తెల్లగా’ అని మాత్రమే అన్నావు. చీర కింద ఏం పరిచావు?

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
తెల్ల చార్టు.

మైలాపూర్ కోడలు:
ఆ గీత చార్టుదేనమ్మా. 800 శాతం జూమ్ చేసి చూడు, చివరి పిక్సెల్ పూర్తిగా జరీ రంగూ కాదు, పూర్తిగా తెలుపూ కాదు, రెండూ కలిసిన లేతరంగు. తెల్ల పేజీ మీద కనపడదు, మెరూన్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గింప్‌లో లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ, అందులో ఆల్ఫా టు సెలెక్షన్. తర్వాత సెలెక్ట్ మెనూలో ష్రింక్, 2 పిక్సెళ్లు. అదే మెనూలో ఇన్వర్ట్, ఆపైన డిలీట్. తెల్ల వరస ఊడిపోతుంది. టైముంటే మాత్రం కింద మెరూన్ జాకెట్ గుడ్డ పరిచి మళ్లీ తియ్యి. అప్పుడు మిగిలిన అంచు కూడా పేజీ రంగులో కలిసిపోతుంది. నేను మా అత్తగారి చీరకు అలాగే చేశా.

ముగ్గుకు అసలు కత్తిరింపే వద్దు. నల్లరాయి మీద వేసిందేనా? అయితే ఫొటో పేజీ మీద పెట్టి లేయర్ మోడ్ స్క్రీన్ అని మార్చు. నలుపు మాయమై తెల్ల పిండి మాత్రం మిగులుతుంది. రాయి బూడిదరంగులో కనిపిస్తే లెవెల్స్‌లో నల్ల బాణం కొంచెం కుడికి జరుపు. పిండి అక్కడక్కడ పల్చబడ్డ చోట్లు కూడా అలాగే ఉంటాయి. కత్తిరిస్తే ముందు పోయేవి అవే, ఆవిడ వేళ్లు తెలిసేది అక్కడే. పోస్టు ముద్ర నల్లసిరా కాబట్టి మెరూన్ మీద కనపడదు. డీశాచురేట్ చేసి రంగు తీసేసి, కలర్స్ మెనూలోని ఇన్వర్ట్‌తో నలుపు తెలుపులు తారుమారు చేసి, అదే స్క్రీన్ మోడ్ పెట్టు. ముద్ర తెల్లగా తేలుతుంది.

నూలుపోగు:
రెండోసారి తీస్తే చీర మడత మార్చే పెట్టు.

తిరువాన్మియూర్ తెలుగమ్మాయి:
గీత పోయింది. స్క్రీన్ పెట్టగానే ముగ్గులో చివరి మెలిక దగ్గర అమ్మ బొటనవేలు అలికిన చోటు కూడా కనిపించింది. థాంక్స్ అందరికీ, అన్నం తినొస్తా.

కొత్తగా చేరా:
నాకూ ఇదే, కానీ చుట్టూ నల్లగా వస్తోంది. నేను ట్యాబ్‌లో చేస్తున్నా. ఎవరైనా ఉన్నారా?