‘మైండ్ మేనేజ్‌మెంట్’ చదివినవారికి: పుటల అంచుల్లోని మాటలను ఎలా చదివారు?

పాతసంచిక:
మాట్ కింట్ తానే రాసి, తానే గీసి, నీటిరంగులు కూడా తానే వేసిన ‘మైండ్ మేనేజ్‌మెంట్’ కామిక్స్ (డార్క్ హార్స్, 2012–2015, 36 సంచికలు) ఈమధ్యే ముగించాను. ఒక విమానంలోని ప్రయాణికులు ఉన్నట్టుండి జ్ఞాపకాలు కోల్పోయిన ఉదంతంపై పుస్తకం రాయాలని బయలుదేరిన మేరు అనే రచయిత్రి, ఇతరుల మనసులను లోబరచుకునే గూఢచారుల సంస్థ గుట్టు దాకా వెళ్తుంది. పుటల అంచున లేత నీలంలో నిలువుగా ఆ సంస్థ ఏజెంట్లకిచ్చే సూచనలు ఉంటాయి. నేను ట్యాబ్‌లో ఒక్కొక్క ప్యానెల్‌నే (పుటలోని బొమ్మ గడినే) పెద్దది చేసి చదవడం వల్ల, మూడో సంచిక దాకా అవి ఉన్నాయనే తెలియలేదు.

రెండోకాఫీ:
నేను అచ్చు ప్రతే చదివాను. బస్సులో పుస్తకాన్ని అడ్డంగా తిప్పి అంచులు చదువుతుంటే, పక్క సీటు పెద్దాయన “బాబూ, పుస్తకం తిరగబడింది” అని జాలిగా చెప్పారు. కామిక్స్ చిత్రకారులు బొమ్మలు గీసే అట్టల మీద ముఖ్యమైన బొమ్మ గీత దాటకూడదని అచ్చువేసి ఉంటుంది కదా, ఈ పుటల అంచున అదే మాట, నివేదికలోని ముఖ్యమైన వివరాలు గీత దాటకూడదంటూ, ఏజెంటుకు నియమమైంది. అంటే మన చేతిలో ఉన్నది కథ కాదు, ఎవరో దాఖలు చేసిన ఫైలు. అంచు కత్తిరిస్తే ఆ చమత్కారమంతా పోయినట్టే.

దస్త్రాలపురుగు:
మానసిక శక్తులు వాడే గూఢచారులన్నది పూర్తిగా గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 1970లలో సీఐఏ డబ్బుతో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రసెల్ టార్గ్, హెరాల్డ్ పుటాఫ్ చేసిన ‘రిమోట్ వ్యూయింగ్’ (ఎక్కడో దూరాన ఉన్నదాన్ని మనసుతోనే చూడటం) ప్రయోగాలు, ఆ తర్వాత సైన్యం చేతికి మారి, చివరికి ‘స్టార్ గేట్’ పేరుతో 1995 వరకు సాగాయి. (తెలుగులో ‘దూరదర్శనం’ అందామంటే ఆ మాటను టీవీ ఎప్పుడో ఎత్తుకుపోయింది.) గూఢచర్యానికి అక్కరకొచ్చే సమాచారమేదీ వాటివల్ల రాలేదని సమీక్షలో తేలాక మూసేశారు. కింట్ కథలోని సంస్థలో మాత్రం ఆ శక్తులు నిజంగానే పనిచేస్తాయి, భయమంతా అక్కడే.

నిదానంరెడ్డి:
అందరూ మెచ్చుకుంటున్నారు కానీ, ఆ గజిబిజి గీతల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేక నేను రెండో సంపుటంలోనే ఆగిపోయాను.

రెండోకాఫీ:
రెడ్డిగారూ, గీత మొరటుదే, ఒప్పుకుంటాను. అయితే ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మడానికి వీల్లేని కథకు, చెమ్మ తగిలి రంగు పాకినట్టుండే ఆ బొమ్మలే సరిపోయాయని నాకనిపించింది. మూడో సంపుటం కూడా చూసి అప్పుడు తిట్టండి.

పాతసంచిక:
ప్యానెల్ పద్ధతి తీసేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. అంచు చదవడానికి ట్యాబ్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ తెర కూడా దానంతటదే తిరిగి, అక్షరాలు మళ్ళీ నిలువుగానే నిలబడుతున్నాయి. ముందుగా ఆ సెట్టింగు ఆపుకోండి.