డీజే బేస్‌తో వినికిడికి ముప్పుందా? ‘ఎ’ కొలతను నమ్మాలా, ‘సి’ కొలతనా?

మా ఇంటి వెనక ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా డీజే. పాట ఏమిటో తెలియదు గానీ, బేస్ దరువు మాత్రం గోడలు దాటి వచ్చి కిటికీ అద్దాలను వణికిస్తుంది. ఆపేశాక ఓ అరగంట చెవులు దిబ్బడ వేసినట్టు ఉంటాయి. నొప్పి, హోరు లేవు.

కిటికీలు మూసి ముందుగదిలోకి మారితే కీచు శబ్దాలు తగ్గాయి, బేస్ తగ్గలేదు. స్పాంజి ఇయర్‌ప్లగ్‌లతోనూ అంతే. హాలు వాళ్లు పదింటికే ఆపుతామన్నారు; వాళ్ల పది ఎప్పుడూ పదిన్నరే. చెవి డాక్టరు రాసిన ఆడియోగ్రామ్‌ (వినికిడి పరీక్ష)లో 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు వినికిడి మామూలుగానే ఉంది.

సౌండ్ లెవెల్ మీటరు తెచ్చి పడకగదిలో కొలిచాక చిక్కు ఇంకా పెరిగింది. ‘ఎ’ వెయిటింగ్‌లో (బేస్ లాంటి లోతైన శబ్దాలను బాగా తగ్గించి లెక్కించే పద్ధతి) 72 డెసిబెల్స్, ‘సి’లో (వాటిని పెద్దగా తగ్గించని పద్ధతి) 94! బేస్ ఉండే 63 హెర్ట్జ్ దగ్గర ‘ఎ’ పద్ధతి సుమారు 26 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది, కాబట్టి తేడా ఎందుకో అర్థమైంది. అయితే వినికిడి రక్షణకు చెప్పే ‘రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్’ పరిమితి కూడా ‘ఎ’ లెక్కే. శబ్దం వల్ల కలిగే నష్టం ముందుగా 3000–6000 హెర్ట్జ్ మధ్యే బయటపడుతుందని కూడా చదివాను. నిద్ర చెడటం, చిరాకు సంగతి ఇక్కడ అడగడం లేదు. అవి అనుభవిస్తూనే ఉన్నాను.

ఆడియాలజీ తెలిసినవారు చెప్పండి: బేసే ఎక్కువగా ఉన్న ఇలాంటి శబ్దం వినికిడిని దెబ్బతీస్తుందో లేదో తేల్చుకోవడానికి 72ను నమ్మాలా, 94ను నమ్మాలా?