చేత్తో చేసిన వెండి ఉంగరం: ఇది లోపమా, చేతిపని తీరా?

గత నెల హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ దగ్గర ఒక చిన్న దుకాణంలో పచ్చ పొదిగిన వెండి ఉంగరం చేయించుకున్నాను. లోపల 925 ముద్ర (92.5 శాతం వెండి అని గుర్తు) ఉంది. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను (చూడకుండా ఉండాల్సింది!). రాయిలో సన్నని నారల్లాంటి గీతలు ఉన్నాయి. సహజమైన పచ్చల్లో అవి మామూలే, మచ్చే లేని పచ్చనే అనుమానించాలి కాబట్టి వాటి గురించి బెంగ లేదు. వెండి మీది సుత్తి ఆనవాళ్లు నాకు ముచ్చటగానే ఉన్నాయి.

బాధల్లా ఒక్కటే. ఒక మూల, రాయిని పట్టి ఉంచే వెండి అంచుకూ రాయికీ మధ్య చున్నీ దారాలు చిక్కుకుంటున్నాయి. చేసినాయన "చేతిపని అమ్మా, ఇలాగే ఉంటుంది" అంటున్నారు. నిజమేనా, లేక రాయి ఊడిపోతుందా? అంచు మళ్లీ నొక్కిస్తే పచ్చ పగిలే ప్రమాదం ఉందా? వెండిపని తెలిసినవారు దయచేసి చెప్పండి.